మోటారు లేని రంగులరాట్నం

‘పైన మోటారు ఉంటుందా?’ మెక్సికోలో ఎత్తైన స్తంభం మీంచి తాళ్లతో తిరుగుతూ దిగే ఆచారం చేసేవాళ్లని వొలదోరెస్ అంటారు, వాళ్ల వీడియో చూసినవాళ్లు ముందు అడిగేది ఇదే. ఉండదు. స్తంభం మీంచి నలుగురు తలకిందులుగా వేలాడుతూ, గిరగిరా తిరుగుతూ దిగుతారు. తిప్పేది వాళ్ల బరువే.

స్తంభం కొన మీద బోర్లించిన రోలులాంటి చెక్క టోపీ ఉంటుంది, పేరు తెకోమాతె. దానికి నలుచదరపు చట్రం వేలాడుతుంది. నాలుగు తాళ్లను బొంగరానికి చుట్టినట్టు స్తంభానికి పక్కపక్కనే చుట్టి, చట్రం అంచుల మీదుగా తెచ్చి నడుములకు కడతారు. బొంగరమైతే తాడు లాగితే తిరుగుతుంది. స్తంభం తిరగదు కదా, అందుకే చట్రమే తిరిగి తాడు విప్పుతుంది. ఒక చుట్టు విడితే స్తంభం చుట్టుకొలతంత తాడు వస్తుంది. చుట్టుకొలత 80 సెంటీమీటర్లయితే 13 చుట్లకు 10.4 మీటర్లు.

సంప్రదాయం ప్రకారం చుట్లు 13 ఎందుకంటే, నలుగురికి 13 చొప్పున 52. అక్కడి పాతకాలపు 260 రోజుల పూజా పంచాంగం, 365 రోజుల పంచాంగం మళ్లీ కలిసేది 18,980 రోజులకు, అంటే 52 ఏళ్లకు. అయితే 20 మీటర్లు 13 చుట్లలో దిగాలంటే చుట్టుకొలత ఒకటిన్నర మీటరు కావాలి! అందుకే ఎత్తైన స్తంభం మీద లెక్క 13 దగ్గర ఆగదు.

దిగేకొద్దీ తిరుగుడు నెమ్మదిస్తుంది. చట్రం కింద నిలువు లోతు 10 మీటర్లప్పుడు ఒక చుట్టుకు ఆరు సెకన్ల పైచిలుకు, 20 మీటర్లప్పుడు దాదాపు తొమ్మిది. ఇందులో మనిషి బరువు లెక్కలోకే రాదు, బక్కవాడూ బొద్దువాడూ ఒకే వాలులో తేలతారు. ఇంటర్‌లో శంకులోలకం (తాడుకు కట్టిన బరువు గుండ్రంగా తిరగడం) సూత్రం బట్టీ పట్టించే బదులు ఇది చూపిస్తే చాలు.

చుట్టడంలోనే ప్రమాదం. ఒక తాడు ఇంకోదాని మీదికెక్కితే అక్కడ చుట్టుకొలత పెరుగుతుంది, ఆ మనిషి మాత్రం గబుక్కున కిందికి జారతాడు, చట్రం ఒరుగుతుంది. నలుగురూ ఒక్కసారే వెనక్కి వాలకపోయినా అంతే. టోపీ లోపల జిడ్డు ఆరితే పట్టేస్తుంది.

వెరాక్రూజ్ రాష్ట్రంలోని పాపాంత్లాలో ఉండే తోతోనాకు ఆదివాసులు మాను నరికేముందు దాన్ని క్షమాపణ అడుగుతారు. పాతే గుంటలో కోడినో టర్కీకోడినో పెడతారు. గుంట లోతు చాలకపోతే ఏ కోడీ కాపాడదు, అది వాళ్లకూ తెలుసు. ఇప్పుడు చాలాచోట్ల ఇనుప స్తంభాలే. ఈ ఆచారాన్ని యునెస్కో 2009లో వారసత్వ జాబితాలో చేర్చింది.

అయిదో మనిషి కాపొరాల్. ఆ టోపీ మీదే నిలబడి నాలుగు దిక్కులకూ తిరిగి వాయిస్తాడు. ఎడమ చేతిలో వేణువు, అదే చేతికి వేలాడే బుల్లి డోలు, కుడిచేత్తో దరువు. కింద నలుగురూ నేల దగ్గరపడగానే నడుము మడిచి కాళ్లు కిందికి తెస్తారు. వేగం ఇంకా మిగిలే ఉంటుంది గనక నాలుగడుగులు పరిగెత్తి గానీ ఆగలేరు.