కారు ముందు భాగం నలగాలి, క్యాబిన్ నలగకూడదు

బెంగళూరులో కార్ల క్రాష్ సిమ్యులేషన్, అంటే కారు గుద్దుకుంటే ఏమవుతుందో కంప్యూటర్‌లో చూడడం, నా పని. శుక్రవారం రాత్రి అనంతపురం, కర్నూలు బయల్దేరే మనవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: ఇప్పటి కార్లన్నీ రేకు డబ్బాలు, పాతవే గట్టివి.

వాస్తవం: ముందు భాగం నుజ్జవ్వాలనే అలా డిజైన్ చేస్తాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దడమంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి కిందపడ్డట్టే. ఆ శక్తి ఎక్కడో ఖర్చవ్వాలి కదా. బానెట్ కింద రెండు పక్కలా ఉండే ఉక్కు పట్టీలు మడతలు పడుతూ దాన్ని మింగేస్తాయి. కారు 60 సెంటీమీటర్లు నలిగి ఆగితే, బెల్టు పెట్టుకున్న మనిషి మీద సగటున ఒంటి బరువుకి 16 రెట్ల బలం పడుతుంది. 5 సెంటీమీటర్లలోనే ఆగిపోతే దాదాపు 200 రెట్లు! మనం కూర్చునే చోటు మాత్రం గట్టి ఉక్కుతో కడతాం. 2009లో కార్ల భద్రతను పరీక్షించే అమెరికా సంస్థ ఐఐహెచ్ఎస్, 1959 నాటి షెవ్రొలె బెల్ ఎయిర్‌ కారుని అదే కంపెనీ అప్పటి కొత్త కారు మాలిబుతో ఎదురెదురుగా గుద్దించింది. పాత కారు క్యాబిన్ కూలిపోయింది. మాలిబు క్యాబిన్ నిలబడింది.

అపోహ: ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి, బెల్టెందుకు?

వాస్తవం: బెల్టు లేకపోతే కారు ఆగినా మీరు ఆగరు. బానెట్ అంత నలిగినా అందులో మీకు దక్కేదేమీ ఉండదు. బ్రేక్ పడగానే ముందుకు జారిన మనిషికి, విచ్చుకునే బ్యాగే దెబ్బ. క్రాష్ టెస్టులో మనిషి బదులు కూర్చోబెట్టే బొమ్మ (డమ్మీ) ముఖానికి రంగు పూస్తారు. తల బ్యాగు మధ్యలో తగిలిందో, పక్కకి జారిందో ఆ మరకే చెబుతుంది. బెల్టులోనూ పనితనం ఉంది: గుద్దగానే ప్రిటెన్షనర్ లాగి బిగిస్తుంది, తర్వాత పక్కటెముకలు విరగకుండా లోడ్ లిమిటర్ కాస్త వదులుతుంది. ఇవి ఒక్కసారికే పనికొస్తాయి, అందుకే పెద్ద యాక్సిడెంట్ అయ్యాక బెల్టు మార్చాల్సిందే. గ్యారేజీలో పాతదే చాలంటే ఒప్పుకోవద్దు.

అపోహ: పాప నా ఒళ్లోనే ఉంది, గట్టిగా పట్టుకుంటా.

వాస్తవం: పైన చెప్పిన 16 రెట్ల లెక్కే చూడండి, 10 కిలోల పాప ఆ క్షణంలో 160 కిలోలు. ఏ చేతులూ ఆపలేవు. చైల్డ్ సీట్ కొనండి.

అపోహ: బెల్టు పెట్టుకున్నా కదా, సీటు వాల్చి పడుకుంటా.

వాస్తవం: హైదరాబాద్ దాకా రాత్రి ప్రయాణాల్లో నాకు టెన్షన్ పెట్టేది ఇదే. కింది పట్టీ తుంటి ఎముక మీదుండాలి. వాలి పడుకుంటే ఒళ్లు కిందికి జారి, పట్టీ మెత్తటి పొట్టలోకి దిగుతుంది. నిద్రొస్తే సీటు నిటారుగా పెట్టి, మెడ దిండు వేసుకుని పడుకోండి.