బీపీ కొంచెం ఎక్కువుంటే వ్యాయామం: అపోహలు - వాస్తవాలు

అపోహ: వ్యాయామం చేస్తే బీపీ పెరుగుతుంది, కాబట్టి కదలకుండా ఉండటమే మేలు.

వాస్తవం: చేస్తున్నంతసేపూ పెరిగే మాట నిజమే. చురుగ్గా నడుస్తుంటే పై అంకె 160 దాటడం మామూలే, కింది అంకె మాత్రం పెద్దగా కదలదు. ఆపాకే అసలు పని మొదలవుతుంది. రక్తనాళాలు సడలి, బీపీ మునుపటికన్నా కిందికి దిగుతుంది. కొన్ని గంటలు, ఒక్కోసారి దాదాపు రోజంతా అలాగే ఉంటుంది. రోజుకు 30 నిమిషాల చొప్పున వారానికి ఐదు రోజులు చేయమనేది ఇందుకే. నిన్నటి ప్రభావం పూర్తిగా పోకముందే ఇవాళ్టి డోసు పడాలి. కొన్ని వారాలు మానేస్తే అంకె మళ్లీ పాత చోటికే వస్తుంది.

అపోహ: బరువు తగ్గితేనే బీపీ తగ్గుతుంది.

వాస్తవం: తూకం కదలకపోయినా తగ్గుతుంది. 140/90 దాటినవాళ్లకు రెండు మూడు నెలల్లో పై అంకె సగటున 5 నుంచి 8 దాకా దిగుతుంది.

అపోహ: బీపీ ఉంటే బరువుల జోలికి పోకూడదు.

వాస్తవం: మితమైన బరువులతో అంత భయం లేదు, ఊపిరి బిగబట్టడంతోనే చిక్కు. బిగబడితే ఛాతీలో ఒత్తిడి పెరిగి బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎత్తేటప్పుడు గాలి వదలండి, దించేటప్పుడు పీల్చండి. పైకి వినబడేలా లెక్కపెట్టండి, మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరివల్లా కాదు. 10-15 సార్లు ఎత్తగలిగే బరువు చాలు.

గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు నిలిచే గోడకుర్చీ కూడా బాగా పనిచేస్తుంది. 2 నిమిషాలు ఉండి, 2 నిమిషాలు విశ్రాంతి. అలా 4 సార్లు, వారానికి 3 రోజులు. తొడలు వణికిపోతుంటే మరీ కిందికి దిగొద్దు. బడిలో శిక్షగా వేయించినదే ఇప్పుడు చికిత్స అయింది!

అపోహ: నాడి ఎంత వేగంగా కొట్టుకుంటే అంత లాభం.

వాస్తవం: నడుస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. ఆ వేగం చాలు. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లలో నాడి పెద్దగా పెరగదు, వాచీ అంకెను నమ్ముకుంటే అతిగా శ్రమపడతారు. చివర్లో 5 నిమిషాలు నెమ్మదిగా నడవండి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి.

అపోహ: వాకింగ్ నుంచి రాగానే బీపీ తక్కువ చూపించింది, ఇక మాత్ర మానేయొచ్చు.

వాస్తవం: అది ఆ పూట అంకె మాత్రమే. పొద్దున్నే, వ్యాయామానికీ మాత్రకూ ముందు, 5 నిమిషాలు కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో ఆనించి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసిపెట్టండి. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది ఆ కాగితం చూసి డాక్టరు చెప్పాలి. కూర్చుని ఉండగానే 180/110 దాటితే ఆరోజు వ్యాయామం వద్దు, డాక్టరును కలవండి.