ఇంటి పనిలో ‘ట్రయల్ నెల’: కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇళ్లలో పనిచేసే మహిళలకూ వారిని పెట్టుకున్న కుటుంబాలకూ మధ్య వచ్చే తగాదాలను కూర్చోబెట్టి పరిష్కరించడం ఎన్నో ఏళ్లుగా నా పని. వాటిలో చాలావరకు మొదటి నెలలో ఎవరు ఏమనుకున్నారన్న దగ్గరే మొదలవుతాయి.

అపోహ: ట్రయల్ రోజులకు జీతం ఇవ్వనక్కరలేదు, పని నచ్చాకే లెక్క మొదలవుతుంది.

వాస్తవం: చేసిన పనికి డబ్బు మొదటి రోజు నుంచే ఇవ్వాలి. నిరుడు కూకట్‌పల్లి నుంచి వచ్చిన ఒకామె, గోడ క్యాలెండర్ నుంచి చింపిన జూన్ నెల కాగితాన్ని నా ముందు పరిచింది. పనికి వెళ్లిన ప్రతి తేదీ చుట్టూ కూతురి స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టుకుంది. మొత్తం 23 ఉన్నాయి. అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి తుడిచి, బట్టలు ఆరేసినందుకు నెలకు ఆరు వేలు మాట్లాడుకున్నారు. ఇరవై నాలుగో రోజు పొద్దున, ‘నీ పని మాకు సరిపడటం లేదమ్మా, ట్రయలే కదా’ అని గుమ్మంలోనే చెప్పి పంపేశారు. రోజుకు 200 చొప్పున ఆమెకు 4,600 రూపాయలు రావాలి. ఆ ఇంటావిడ చెడ్డ మనిషి కాదు, ట్రయల్ అంటే ఊరికే చేయించుకునే రోజులని నిజంగానే నమ్మింది. ఆ సున్నాలను మాతోపాటు లెక్కపెట్టాక సాయంత్రానికల్లా డబ్బు ఇచ్చేసింది.

అపోహ: ట్రయల్ ఎన్నాళ్లన్నది చట్టమే చెబుతుంది, మనం మాట్లాడుకోవలసిందేమీ లేదు.

వాస్తవం: ఇంటి పనివారికంటూ మన దేశంలో ప్రత్యేక కేంద్ర చట్టమే లేదు, అలాంటి ఏర్పాటు గురించి పరిశీలించేందుకు కమిటీ వేయాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. 2011లో ఇంటి పనివారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ తెచ్చిన 189వ ఒప్పందానికి భారత్ అనుకూలంగా ఓటు వేసింది గాని, దాన్ని ధ్రువీకరించలేదు. అయినా ఆ ఒప్పందంలోని ఏడో అధికరణం మనకు మంచి నమూనా: ఏ పని, ఎంత జీతం, ఏ వేళలు, ట్రయల్ ఉంటే ఎంతకాలం, మాన్పించాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవన్నీ పనివారికి తేలిగ్గా అర్థమయ్యేలా తెలియజేయాలని అది అంటుంది. నేనైతే రెండు వారాలు చాలంటాను, నెల దాటితే ఒప్పుకోను. అర ఠావు కాగితం మీద ఈ వివరాలతోపాటు ట్రయల్ ముగిసే తేదీ కూడా రాసి, ఆమెకు చదవడం రాకపోతే చదివి వినిపించి, ఇద్దరూ ఫోన్‌లో ఫోటో తీసుకుంటే సరిపోతుంది. లోపం కనబడితే ఆ వారంలోనే చెప్పాలి. కుక్కర్ మూతలోని రబ్బరు తీసి కడగాలని ఒక్కసారీ చెప్పకుండా, నెలాఖరున దాన్నే తప్పుగా చూపడం అన్యాయం.

అపోహ: ట్రయల్ మధ్యలో ఆమె మానేస్తే అది మోసం.

వాస్తవం: ఆ రోజులు ఆమెకూ ఇల్లు ఎలాంటిదో చూసుకునే రోజులే. అంట్లకని పిలిచి పిల్లల టిఫిన్ బాక్సులు, ఆదివారం చుట్టాల వంట కూడా మీద వేస్తే ఆమె వద్దనవచ్చు. అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఆ బాకీ వేరుగా తీర్చుకోవాలే గాని, అది తీరేదాకా కదలకూడదని పని చేయిస్తే అది వెట్టి. 1976 చట్టం దాన్ని నిషేధించింది.

అపోహ: ఇల్లు ఆఫీసు కాదు కాబట్టి లైంగిక వేధింపుల చట్టం వర్తించదు.

వాస్తవం: 2013 చట్టం ఇంటిని కూడా పనిచేసే చోటుగానే పరిగణిస్తుంది. చేరి ఒక్క రోజే అయినా జిల్లాలో ఇలాంటి ఫిర్యాదులు వినే స్థానిక కమిటీకి ఆమె ఫిర్యాదు చేయవచ్చు. అందుకు గడువు సాధారణంగా ఘటన జరిగిన నాటి నుంచి మూడు నెలలు. ప్రాథమికంగా ఆధారం కనిపిస్తే కమిటీ ఏడు రోజుల్లో ఆ ఫిర్యాదును పోలీసులకు పంపాలి.

అపోహ: ట్రయల్‌లో తీసేసినామెను గురించి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరినీ హెచ్చరించాలి.

వాస్తవం: ఆమె అదే బ్లాకులో ఇంకో మూడు నాలుగు ఇళ్లలో చేస్తూ ఉంటుంది. ‘ఈమెను పెట్టుకోవద్దు’ అన్న ఒక్క మెసేజ్‌తో ఆ ఇళ్లన్నీ ఒకే రోజు పోయి, గేటు దగ్గర సెక్యూరిటీ కూడా లోపలికి రానివ్వకపోవడం నేను చూశాను. దొంగతనం జరిగిందని నిజంగా అనుమానముంటే పోలీసులకు చెప్పాలి. పని నచ్చకపోవడమే కారణమైతే, కారణం ఆమెకే చెప్పి, ఆ రోజు వరకు లెక్క కట్టి డబ్బు చేతికిచ్చి పంపాలి.