ముప్పై సెకన్ల క్లిప్పే కదా! థియేటర్ గురించి ఫ్యాన్స్‌లో తిరిగే అపోహలు, వాస్తవాలు

కొత్త సినిమా పడిన రోజు సీడెడ్‌లో, అంటే మన రాయలసీమలో, ఏ సెంటర్ అయినా ఒకటే. ఆదోని కానీ, ప్రొద్దుటూరు కానీ, గుంతకల్లు కానీ, హీరో ఎంట్రీకి హాలంతా ఫోన్లు లేస్తాయి. ప్రొజెక్షన్ రూమ్ కిటికీలోంచి చూస్తే తెర ముందు చీకట్లో అన్నీ చిన్న చిన్న తెరలే. ఆ పిల్లల్లో దొంగ ప్రింట్ తీద్దామని వచ్చినవాళ్ళు దాదాపు ఉండరు. అభిమానంతో తీస్తారు, స్టేటస్ పెడతారు, గ్రూపులో వేస్తారు. ప్రమాదమని తెలియక చేస్తున్నారు కాబట్టే ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

అపోహ: "ముప్పై సెకన్ల క్లిప్ పైరసీ కాదు. సినిమా మొత్తం తీస్తేనే కేసు."

వాస్తవం: పూర్తిగా తప్పు. సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించినప్పుడు 6ఏఏ అనే సెక్షన్ చేర్చినారు. లైసెన్సు ఉన్న థియేటర్‌లో రికార్డింగ్ పరికరంతో అనుమతి లేని కాపీ తయారు చేయాలని గానీ, దాన్ని బయటికి పంపాలని గానీ చూడడం నేరం. సినిమా మొత్తమే కానక్కర్లేదు, అందులో ఒక భాగమైనా సరే అని ఆ సెక్షన్‌లోనే ఉంది. ఇన్ని సెకన్ల దాకా ఫర్వాలేదు అన్న లెక్క చట్టంలో ఎక్కడా లేదు. ముప్పై, పదిహేను అని గ్రూపుల్లో తిరిగే అంకెలన్నీ ఎవరో పుట్టించినవి. ఇంకా చెప్పాలంటే ప్రయత్నించినా, పక్కవాడు తీస్తుంటే సాయపడినా అదే సెక్షన్.

శిక్ష కనీసం 3 నెలల జైలు, గరిష్ఠంగా 3 ఏళ్ళు. జరిమానా కనీసం 3 లక్షలు. పైన ఎంతదాకా అంటే, ఆడిట్ చేసిన నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా. 100 కోట్ల సినిమా అయితే 5 కోట్లు. డిగ్రీ చదివే పిల్లోడి ఇంట్లో ఆ కింది అంకె, 3 లక్షలు, చాలు.

"సొంతానికి తీసుకున్నాను, రివ్యూ కోసం తీసినాను" అనే వాదన ఉంది. నిజమే, కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో సొంత వాడకానికి, విమర్శకు, వార్తలకు ఉన్న మినహాయింపులు ఇక్కడా వర్తిస్తాయి. కానీ మూడు వందల మంది చూసే స్టేటస్‌ని సొంత వాడకం అని నిలబెట్టడం కష్టం. పైగా ఆ మాట కేసు అయినాక, లాయర్‌ని పెట్టుకున్నాక చెప్పుకోవాల్సిన మాట.

"నేను తీయలేదు, వచ్చింది ఫార్వర్డ్ చేసినాను, అంతే" అనేవాళ్ళు ఇంకా ఎక్కువ. వాళ్ళకు 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63 ఉంది. తెలిసి ఉల్లంఘించినా, ఉల్లంఘనకు తోడ్పడినా 6 నెలల నుంచి 3 ఏళ్ళు, 50 వేల నుంచి 2 లక్షలు. వ్యాపారం కోసం చేయలేదని తేలితే, కారణాలు రాసి కోర్టు శిక్ష తగ్గించవచ్చు. తగ్గించవచ్చు అంతే, తగ్గించి తీరాలని లేదు.

ఇక కొంచెం టెక్నికల్‌గా తెలిసిన కుర్రాళ్ళు చెప్పే మాట: "వాటర్‌మార్క్ దొరకాలంటే ఐదు నిమిషాల వీడియో కావాలి, మన క్లిప్ అంత ఉండదు." సగం తెలిసిన మాట ఇది. డీసీపీ (డిజిటల్ సినిమా ఫైళ్ళ ప్యాకేజీ) ఆడే థియేటర్‌లో షో నడుస్తున్నప్పుడే సర్వర్‌లోని మీడియా బ్లాక్, అంటే తాళం వేసిన సినిమాని విప్పి తెరకు పంపే భాగం, బొమ్మలోనూ శబ్దంలోనూ కంటికి, చెవికి తెలియని గుర్తు కలుపుతుంది. అది మొత్తం 35 బిట్లు. అందులో 16 బిట్లు టైముకు, 19 బిట్లు ఆ యంత్రం గుర్తింపుకు. టైమును 15 నిమిషాలకు ఒక గడిగా లెక్కపెడుతుంది. అంటే ఏ తేదీ, ఏ షో, ఏ హాల్ అన్నది తేలిపోతుంది. ప్రతి ఐదు నిమిషాల ముక్కలోనూ ఆ 35 బిట్లూ ఉండాలి అన్నది ప్రమాణంలో పెట్టిన షరతు. పాయింట్ ఏమంటే, కేసు పెట్టడానికి ఈ గుర్తే దొరకాలని చట్టంలో లేదు. క్లిప్ మీ నంబర్ నుంచి, మీ పేజీ నుంచి పోయింది. అంతకు మించిన గుర్తు ఏం కావాలి? తెర ఎంత వంకరగా పడిందో చూస్తే ఏ వైపు, ఏ ఎత్తులో కూర్చుని తీసినారో అంచనా కట్టవచ్చు. హాల్లో సీసీ కెమెరా ఉంటే చీకట్లో ఫోన్ వెలుతురు పట్టిన మొహం స్పష్టంగా పడుతుంది.

వాటర్‌మార్క్ దెబ్బ పడేది నేరుగా థియేటర్ మీద. ఫలానా హాల్ నుంచి లీక్ అయిందని తేలితే తర్వాతి సినిమాకు కీ (సినిమా ఫైల్ తెరిచే తాళంచెవి) ఇవ్వడానికి డిస్ట్రిబ్యూటర్ వెనకాడతాడు. అందుకే గేట్ దగ్గర, లోపల టార్చ్ పట్టుకుని తిరిగేవాళ్ళు అంత కటువుగా మాట్లాడేది. మీ మీద కోపం కాదు.

ఫోన్ జనం వైపు తిప్పి తీస్తే ఏం కాదు అనుకోవద్దు. తెర రాకున్నా పాట, డైలాగ్ ఎక్కుతాయి, శబ్దం కూడా సినిమాలో భాగమే. సంబరం చూపించాలంటే బయట కటౌట్ దగ్గర, లాబీలో, షో మొదలు కాకముందు తీసుకోండి. టికెట్ ఫొటో పెడితే క్యూఆర్ కోడ్ కనబడకుండా మూసేయండి. నిర్మాణ సంస్థ విడుదల చేసిన టీజర్, పాట అయితే వాళ్ళ లింక్ పంచుకోండి, దించుకుని మీ పేజీలో మళ్ళీ ఎక్కించొద్దు. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానెలే పోతుంది. ఏళ్ళ తరబడి కష్టపడి పెంచుకున్న ఫ్యాన్ ఛానెల్ ఒక్క వీకెండ్‌లో పోవచ్చు.

ఇప్పటికే పెట్టేసి భయపడుతున్నవాళ్ళు ముందు స్టేటస్ తీసేయండి. 24 గంటల్లో అదే పోతుందిలే అని వదిలేయొద్దు, ఆ లోపల దించుకునేవాళ్ళు దించుకుంటారు. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని అందరికీ తొలగించే వీలు సుమారు 2 రోజుల 12 గంటల దాకానే. అది దాటితే గ్రూప్ అడ్మిన్‌ని అడగండి, సభ్యులు వేసినవాటిని అడ్మిన్ తీసేయగలడు. ప్లాట్‌ఫామ్ నుంచి నోటీసు వస్తే చదవకుండా పక్కన పెట్టొద్దు. పోలీసుల నుంచి కాగితం వస్తే ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పి లాయర్ దగ్గరికి పోండి, ఫోన్ ఫార్మాట్ చేయొద్దు, ఆధారం చెరిపినారని ఇంకో తలనొప్పి. ఒకటి గుర్తుపెట్టుకోండి: జరిమానా వేసేది కోర్టు. "సినిమా కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, సైబర్ క్రైమ్ నుంచి మాట్లాడుతున్నాం, ఇప్పుడే యూపీఐ చేస్తే కేసు తీసేస్తాం" అని ఫోన్ వస్తే అది మోసం. రూపాయి కూడా పంపొద్దు, పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

అపోహ: "కీ థియేటర్ వాళ్ళ దగ్గరే ఉంటుంది, మన హీరో సినిమా అని కావాలనే షో ఆపినారు."

వాస్తవం: సినిమా రెండుగా వస్తుంది. కంటెంట్ ముందే సర్వర్‌లోకి ఎక్కుతుంది. 2 గంటల 45 నిమిషాల సినిమాని సెకనుకు 250 మెగాబిట్ల గరిష్ఠ రేటుతో చేసి ఉంటే 300 జీబీ పైమాటే. దాన్ని ఆఖరి గంటలో హార్డ్ డిస్క్ నుంచి ఎక్కించడం కష్టం, అందుకే ముందే తెస్తారు. కానీ అది తాళం వేసి ఉంటుంది. తాళంచెవి కేడీఎం, కొన్ని కిలోబైట్ల ఫైల్, మెయిల్‌లో వస్తుంది. ఒక సర్వర్‌కి, ఒక వెర్షన్‌కి, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా మాత్రమే పనిచేస్తుంది. పక్క థియేటర్‌కు వచ్చిన కీ ఈ థియేటర్‌లో తెరుచుకోదు.

ఆలస్యానికి కారణాలు ఎక్కువగా ఇవే. నిర్మాత, ఫైనాన్షియర్ లెక్కలు తేలక కీ విడుదల కాకపోవడం. లేదా ఆఖరి రోజు సీన్ కత్తిరించి కొత్త వెర్షన్ పంపడం. అప్పుడు పాత కీ పనికిరాదు, కొత్తది రావాలి. కీలో ప్రారంభ సమయం ఉదయం 6 అని పడి ఉంటే 4 గంటల బెనిఫిట్ షో నడవదు. సర్వర్ గడియారం ముందుకు జరిపితే పోతుంది కదా అంటారు. ఆ గడియారాన్ని ఏడాది మొత్తంలో 6 నిమిషాలకు మించి జరపనీయదు, దొంగతనం జరగకూడదనే అట్ల చేసినారు. మీడియా బ్లాక్ మార్చి ఉంటే కొత్తదాని గుర్తింపు సర్టిఫికెట్ పంపి కొత్త కీ తెప్పించాలి. కాబట్టి మేనేజర్‌ని "కీ రాలేదా, టైమ్ కాలేదా, వెర్షన్ కుదరలేదా?" అని అడగండి. టైమ్ సమస్య అయితే ఎంతసేపో ఖచ్చితంగా చెప్పగలడు. మిగతా రెండూ అయితే ఆయన చేతిలో లేదు.

కోపంలో తెర మీదికి సీసాలు, నాణేలు విసరొద్దప్పా. తెర అంటే చిన్న చిన్న రంధ్రాలున్న పీవీసీ షీట్, స్పీకర్లు దాని వెనకే. చినిగితే అతుకు వేసిన గీత ప్రతి వెలుతురు సీన్‌లోనూ కనబడుతుంది. తెర మార్చేదాకా మీ ఊరి వాళ్ళందరూ ఆ గీతతోనే సినిమా చూడాలి.

అపోహ: "ఆపరేటర్ సౌండ్ కావాలనే తగ్గించినాడు."

వాస్తవం: డాల్బీ ప్రాసెసర్‌లో ఫేడర్ (సౌండ్ పెంచే, తగ్గించే మీట) 7 అంటే మిక్సింగ్ చేసినప్పటి స్థాయి. 7 నుంచి 8కి పెంచితే 3.3 డెసిబెల్స్, అంటే ఆంప్లిఫయర్ రెండింతలకు పైగా పవర్ ఇవ్వాలి. హాల్ నిండా అరుపులు, విజిల్స్ ఉన్నప్పుడు డైలాగ్ వినబడక పెంచమంటారు, పెంచితే ఇంటర్వెల్ ఫైట్‌కి హార్న్ డయాఫ్రమ్ (స్పీకర్‌లో అదిరే పలుచని పొర) పోవచ్చు. అది పోతే ఆ స్పీకర్ మార్చేదాకా ప్రతి షోలో డైలాగ్ మొద్దుబారి వినబడుతుంది.

అపోహ: "4కే రీ-రిలీజ్ అంటే ఎక్కడ చూసినా 4కేనే."

వాస్తవం: సినిమాస్కోప్‌లో 4కే అంటే 4096×1716 పిక్సెల్స్ (బొమ్మలోని చుక్కలు), 2కే అంటే 2048×858. హాల్లో 2కే ప్రొజెక్టర్ ఉంటే ఏ ఫైల్ పెట్టినా తెర మీద 2కేనే. అసలు నెగెటివ్ స్కాన్ చేసి ఉంటే 2కేలో కూడా బాగుంటుంది. పాత టీవీ మాస్టర్‌ని సాగదీస్తే 4కే ప్రొజెక్టర్‌లోనూ మసకే. పోస్టర్ కాదు, నెగెటివ్ స్కాన్ చేసినారా లేదా అన్నది చూడండి.

కలెక్షన్ల గొడవకు ఒక్క మాట. గ్రాస్ (టికెట్ల మీద వచ్చిన మొత్తం వసూలు) వేరు, షేర్ వేరు. 236 రూపాయల టికెట్‌లో 18 శాతం లెక్కన 36 జీఎస్టీకి పోతాయి, మిగిలిన 200లో థియేటర్ అద్దెనో వాటానో తీసినాక వచ్చేదే షేర్. 100 రూపాయలు, అంతకు లోపు టికెట్‌కి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 12 శాతం కాదు, 5 శాతం. ఒకరి గ్రాస్‌ని ఇంకొకరి షేర్‌తో పోల్చి కర్నూలు, కడప, అనంతపురం గ్రూపుల్లో రాత్రంతా తిట్టుకుంటున్నారు, ఆ రెండు అంకెలకూ పోలికే లేదు.