తెల్లారేదాకా తోడు: డిప్రెషన్ రాత్రుల గురించి అపోహలు - వాస్తవాలు

కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లలో చాలామంది "పగలు ఎలాగో నెట్టుకొస్తానండీ, రాత్రంటేనే భయం" అంటారు. వాళ్ల స్నేహితులేమో "అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలో తెలియట్లేదు" అంటారు. ఈ రెండు వైపుల నుంచీ తరచూ వినిపించే అపోహల గురించే ఈ పోస్ట్.

అపోహ: రాత్రి వచ్చే ఆలోచనలే అసలు నిజాలు.

నిద్ర చాలని మెదడుకు భావోద్వేగాలను అదుపు చేసుకునే శక్తి తగ్గుతుంది. దానికి తోడు పలకరించేవాళ్లుండరు, చేతిలో పనుండదు. ఒకే ఆలోచన గానుగెద్దులా తిరుగుతూ ఉంటుంది. అందరికీ రాత్రే కష్టమని కూడా లేదు. డిప్రెషన్‌లో కొందరికి తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, పొద్దున పూటే మనసు మరీ బరువుగా ఉంటుంది. మీకు ఏ వేళ గడవడం కష్టమో దగ్గరివాళ్లకు చెప్పి ఉంచండి.

ఉద్యోగం మానేద్దామనో, ఒక బంధం తెంచేసుకుందామనో అర్ధరాత్రి అనిపిస్తే పొద్దుటికి వాయిదా వెయ్యండి. అలాంటప్పుడు స్నేహితులు కూడా వాదనకు దిగక్కర్లేదు. "సరే, రేపు పది గంటలకు దీని గురించే కూర్చుని మాట్లాడదాం" అంటే చాలు.

అపోహ: ఈ టైమ్‌లో ఫోన్ చేస్తే వాళ్లకు భారమవుతాను.

తాను ఎందుకూ పనికిరాననిపించడం, అనవసరమైన అపరాధభావం డిప్రెషన్ లక్షణాల్లోనే ఉన్నాయి. భారమైపోతున్నానన్న మాట కూడా అక్కడి నుంచే వస్తుంది. రాత్రి పూట దాన్ని తర్కంతో గెలవడం కష్టం. అందుకే ఆ ప్రశ్నను పగలే తేల్చుకోమని నేను గట్టిగా చెబుతాను. కాస్త బాగున్న రోజున ఇద్దరు ముగ్గురిని నేరుగా అడగండి: "రాత్రి బాగా కష్టంగా ఉంటే నీకు కాల్ చెయ్యొచ్చా? ఎన్నింటిదాకా పర్లేదు?" మాటలు రాని వేళ కోసం ఒక గుర్తు కూడా అనుకోండి. మెసేజ్‌లో ఒక్క చుక్క పెట్టినా "కాల్ చెయ్యి" అని అర్థం.

ఆ పేర్లు, నంబర్లు కాగితం మీద రాసి మంచం దగ్గర పెట్టుకోండి. అమెరికా సైకాలజిస్టులు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన సేఫ్టీ ప్లాన్‌ను, అంటే ఆత్మహత్య ఆలోచనలు ముదిరితే ఏం చెయ్యాలో ముందే రాసి ఉంచుకునే కాగితాన్ని, మేము చాలామందితో రాయిస్తాం. అందులో వరుస ఇలా ఉంటుంది: పరిస్థితి దిగజారుతోందని తెలిపే గుర్తులు, ఒంటరిగా చేసుకోగలిగేవి, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, సాయం అడగదగ్గవాళ్లు, డాక్టర్, హెల్ప్‌లైన్ నంబర్లు, చివరగా ఇంట్లో ప్రమాదకరమైనవి దూరం పెట్టడం.

అపోహ: స్నేహితుడికి సరైన మాటలు తెలిసి ఉండాలి.

నన్ను అడిగితే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. ఏం చెప్పాలో తెలియక మంచి మనుషులు మౌనంగా ఉండిపోతున్నారు. అమెరికా సైకియాట్రిస్ట్ జెరోమ్ మోటో డిప్రెషన్‌తోనో, ఆత్మహత్య ఆలోచనలతోనో ఆస్పత్రిలో చేరి, ఆ తర్వాత చికిత్స కొనసాగించని 843 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఐదేళ్లపాటు అప్పుడప్పుడూ చిన్న ఉత్తరాలు పంపారు. బాగున్నారని ఆశిస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి అన్నట్టుగా రెండు మూడు వాక్యాలు, అంతే. సలహా లేదు, షరతు లేదు. మొదటి రెండేళ్లలో ఆ గుంపులో ఆత్మహత్యలు స్పష్టంగా తక్కువగా ఉన్నాయని 2001లో ప్రచురించారు.

రాత్రి ఫోన్‌లో కూడా ఇలా సాదాగా మాట్లాడితే చాలు:

"ఏం చేస్తున్నావ్ రా?"
"ఏం లేదు. పడుకునే ఉన్నా."
"లైట్ వేసుకో. నేను లైన్‌లోనే ఉంటా. నీళ్లు తాగావా?"
"లేదు."
"లేచి తాగిరా, ఫోన్ పెట్టెయ్యకు."

ఆ తర్వాత ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. స్పీకర్ ఆన్ చేసి మీ పని మీరు చేసుకోండి. "పాజిటివ్‌గా ఆలోచించు", "నీకేం తక్కువ" అన్న మాటలు మాత్రం వద్దు. విన్నవాళ్లకు తప్పు తమదేనని అనిపిస్తుంది.

అపోహ: తెల్లార్లూ బాధ చెప్పుకుంటే మనసు తేలికవుతుంది.

చెప్పుకోవడం మంచిదే. అదే సంగతిని గంటల తరబడి తవ్వుకోవడం వేరు. పిల్లలు, టీనేజర్ల మధ్య ఇలా సమస్యలనే పదే పదే చర్చించుకునే స్నేహాలను అమెరికా సైకాలజిస్ట్ అమండా రోజ్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో పరిశీలించారు. ఆ స్నేహాల్లో దగ్గరితనం ఎక్కువే, డిప్రెషన్, ఆందోళన లక్షణాలూ ఎక్కువే. అందుకని ఒక అరగంట పూర్తిగా వినండి, తర్వాత మెల్లగా పక్కకు మళ్లించండి. మొహం కడుక్కోమనండి, ఇద్దరూ ఒకే పాట వినండి, దుప్పటి మడతపెట్టమనండి. శరీరం కదిలితే ఆలోచన పట్టు కాస్త సడలుతుంది.

అపోహ: ఆత్మహత్య మాటెత్తితే లేని ఆలోచన పుట్టించినట్టే.

సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన పుడుతుందని గానీ, ముదురుతుందని గానీ పరిశోధనల్లో తేలలేదు. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్నదే ఊరట. "పిచ్చి పనులేం చెయ్యవుగా?" అని అడిగితే "చెయ్యను" అనే అంటారు. "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని కూడా ఆలోచించావా?" అని నెమ్మదిగా అడగండి. అవునంటే వాళ్లను ఒంటరిగా వదలకండి. మీరు వెళ్లలేకపోతే దగ్గర్లో ఉన్న ఇంకొకరిని పంపండి. ప్రమాదం కలిగించే వస్తువులు, మిగిలిన మాత్రలు అందుబాటులో లేకుండా చెయ్యండి. తీవ్రమైన ఉద్వేగం చాలాసార్లు కొన్ని నిమిషాలో, గంటలో ఉండి తగ్గుతుంది. ఆ సమయాన్ని దాటించడమే అప్పటి పని. ఇప్పుడే ఏదో చేసుకునేలా ఉంటే పొద్దున దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యండి, లేదా ఆస్పత్రికి తీసుకెళ్లండి. "ఎవరికీ చెప్పకు" అన్న ఒట్టు అప్పుడు పట్టించుకోనక్కర్లేదు.

అపోహ: కాస్త తాగితే నిద్ర పడుతుంది.

త్వరగా పడుతుంది, సగం రాత్రికి చెదిరిపోతుంది. పైగా ఆవేశాన్ని ఆపుకునే శక్తి తగ్గుతుంది. ఆ రాత్రికి తోడుగా వెళ్లేవాళ్లు బాటిల్ తీసుకెళ్లొద్దు.

అపోహ: మంచి స్నేహితులుంటే డాక్టర్ ఎందుకు?

దిగులు, లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి, నిద్ర, ఆకలి, పని దెబ్బతింటుంటే చూపించుకోవాల్సిందే. యాంటీడిప్రెసెంట్ మందుల ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఎక్కువమంది "పనిచెయ్యట్లేదు" అని మానేసేది ఆ మధ్యకాలంలోనే. స్నేహితుల సాయం నిజంగా అవసరమయ్యేదీ అప్పుడే: అపాయింట్‌మెంట్ తీసుకోవడం, వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చోవడం, సొంతంగా మందు ఆపకుండా చూడటం.

తోడుండేవాళ్లు కూడా నిద్రపోవాలి. ఒక్కరే అన్ని రాత్రులూ మొయ్యకుండా ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకోండి. ఈ రాత్రి మీ వల్ల కాకపోతే "నేను చెయ్యలేను, కానీ ఫలానావాడు కాల్ చేస్తాడు" అని చెప్పి, అతను చేశాడని తెలిశాక పడుకోండి.