రెండున్నర గంటల తప్పు

మా మేనత్త కడపలో ఉంటుంది. కొడుకు కువైట్‌లో డ్రైవర్. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు తాను వాడుతున్న ఫోన్ తల్లికిచ్చి, ఇంకోటి కొనుక్కుని వెళ్లాడు. వాడు వెళ్లిన మూడో రోజు అత్తకు తిరుపతి ప్రయాణం పడింది. తెల్లవారుజామున బండి. నాలుగు గంటలకు అలారం పెట్టుకుని పడుకుంది. అలారం మోగింది గానీ, అప్పటికి బాగా తెల్లారిపోయింది. బండి ఎప్పుడో వెళ్లిపోయింది.

"నాలుక్కే పెట్టినా నాయనా, ఆరున్నరకు మోగింది. ఈ ఫోన్ నాకు అచ్చిరాలేదు" అంది దిగులుగా.

ఇంట్లో ఆమె టైం చూసేది గోడ గడియారంలోనే. ఫోన్‌లో ఏముందో గమనించలేదు. నేను వెళ్లేసరికి ఆమె ఫోన్‌ను ఒక షాపులో చూపించింది కూడా. వాళ్లు ఆటోమేటిక్ టైం ఆపేసి, ముళ్లు తిప్పినట్టు గంటలు తిప్పి ఇచ్చారు. గోడ మీద పది, ఫోన్‌లోనూ పది. కానీ డబ్బులు పంపే యాప్ తెరుచుకోవడం లేదు, తేదీ, సమయం సరిచూసుకోమంటోంది. నేను పక్కనే కూర్చుని ఆమెకొక మెసేజ్ పెట్టాను. అప్పుడే వచ్చిన ఆ మెసేజ్ కింద టైం 7:30 అని ఉంది.

పదికీ ఏడున్నరకూ తేడా రెండున్నర గంటలు. నాలుగుకూ ఆరున్నరకూ తేడా కూడా అంతే. కువైట్ మనకంటే సరిగ్గా రెండున్నర గంటలు వెనక ఉంటుంది. ఫోన్ గడియారం తప్పినప్పుడు చాలామంది వెంటనే టైం మార్చేస్తారు. మార్చక ముందు, ఎంత తప్పిందో ఒక్కసారి లెక్కవేసుకోవాలి. ఆ తేడాలోనే కారణం దొరుకుతుంది.

ఎందుకంటే ఫోన్ లోపల గంటలూ నిమిషాలూ ఉండవు. ఉండేది ఒక్కటే లెక్క: లండన్‌లోని గ్రీనిచ్ పేరుతో ప్రపంచమంతా లెక్కకు వాడే టైం ప్రకారం, 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయి? ప్రపంచంలో ఏ మూల ఫోన్‌లోనైనా ఆ సంఖ్య ఒకటే ఉండాలి. తెర మీద చూపించేటప్పుడు మాత్రం ఫోన్ మనం ఏ దేశంలో ఉన్నామో చూసి కొన్ని గంటలు కలుపుతుంది, లేదా తీసేస్తుంది. మనకైతే ఐదున్నర, కువైట్‌కైతే మూడు. దీన్నే టైం జోన్ అంటారు.

అత్త ఫోన్‌లో మొదట సెకన్ల లెక్క సరిగ్గానే ఉంది. జోన్ మాత్రం కువైట్‌లో ఆగిపోయింది. షాపులో జోన్ ముట్టుకోకుండా టైం మార్చారు. అప్పుడు ఫోన్, "కువైట్‌లో పది అయితే గ్రీనిచ్‌లో ఏడు" అని లెక్క కట్టుకుంది. నిజానికి అప్పుడు గ్రీనిచ్‌లో నాలుగున్నరే. అంటే పైకి కనిపించే తప్పు పోయింది, లోపల సరిగ్గా ఉన్న లెక్క రెండున్నర గంటలు ముందుకు దూకింది. బయటి నుంచి వచ్చే మెసేజ్ అసలు టైంతో వస్తుంది కాబట్టి పాతదానిలా కనిపించింది. ప్రతి 30 సెకన్లకు మారే సెక్యూరిటీ కోడ్‌లు ఇచ్చే యాప్‌లు కూడా ఇలాంటి ఫోన్‌లో పనిచేయవు. ఆ కోడ్ పుట్టేదే టైం లెక్కలోంచి.

సెట్టింగ్స్‌లో తేదీ, సమయం దగ్గరికి వెళ్లి ఆటోమేటిక్ టైం, ఆటోమేటిక్ జోన్ రెండూ ఆన్ చేశాను. అంతే, అన్నీ దారికొచ్చాయి. జోన్ మనమే ఎంచుకోవాల్సి వస్తే ఆ జాబితాలో హైదరాబాద్ కోసం వెతక్కండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మన దేశమంతటికీ కోల్‌కతా అనే ఉంటుంది.

వేరే తప్పులకు వేరే తేడాలుంటాయి. సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉంటే ఫోన్ గ్రీనిచ్ టైం చూపిస్తోందన్నమాట. పన్నెండు గంటల తేడా ఉంటే ఏఎం, పీఎం తారుమారయ్యాయి. బ్యాటరీ పూర్తిగా చచ్చి చాలాకాలం డ్రాయర్‌లో పడి ఉన్న ఫోన్‌ను ఛార్జ్ చేసి ఆన్ చేస్తే, ఒక్కోసారి 1970 జనవరి 1, ఉదయం 5:30 అని చూపిస్తుంది. భయపడాల్సిందేమీ లేదు. సెకన్ల లెక్క సున్నాకు పడిపోయింది, దానికి ఫోన్ మన ఐదున్నర గంటలు కలిపింది. సిగ్నల్ అందగానే సర్దుకుంటుంది.

మరి సెకన్ల తేడా వస్తే? అది రాయి వల్ల. మన సీమ చేలల్లో దున్నేటప్పుడు నాగలికి తగిలే తెల్లటి పలుగురాళ్లు చూసే ఉంటారు. చిన్నప్పుడు చీకట్లో రెండు పలుగురాళ్లు ఒకదానికొకటి రుద్ది, లోపల పుట్టే వెలుగు చూసి మురిసిపోయేవాళ్లం. గడియారాల్లో వాడే క్వార్ట్జ్ ఆ పలుగు జాతిదే. కాకపోతే మలినాలు లేకుండా ఫ్యాక్టరీలో పెంచుతారు. దాన్ని నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో ఫ్రాన్స్‌లో క్యూరీ సోదరులు జాక్, పియర్ కనిపెట్టారు. కరెంటు ఇస్తే అది కదులుతుంది కూడా. ఫోన్‌లో కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న రెండు కొమ్ముల క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు ఊగుతుంది. ఆ సంఖ్య ఎందుకంటే, దాన్ని వరసగా 15 సార్లు సగం చేస్తూ పోతే చివరికి ఒకటి వస్తుంది. సగం చేయడం ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌కు అన్నిటికంటే తేలికైన పని.

ఈ ముక్క 25 డిగ్రీల దగ్గర బాగా నడిచేలా కోస్తారు. వేడెక్కినా చల్లబడినా కాస్త నెమ్మదిస్తుంది. మన ఎండాకాలం 45 డిగ్రీల వేడికి రోజుకు సుమారు ఒక సెకను వెనకబడుతుంది. గండికోట లోయలాంటి చోట పది రోజులు సిగ్నల్ లేకుండా ఉన్నా తప్పేది సెకన్లలోనే. కాబట్టి ఫోన్ పది నిమిషాలు తప్పిందంటే నేను ఆ రాయిని అనుమానించను. ఎవరో ఆటోమేటిక్ టైం ఆపి చేత్తో మార్చారని అనుకుంటాను. గేమ్‌లో లైఫ్‌లు త్వరగా రావాలని పిల్లలు టైం ముందుకు జరపడం చాలా ఇళ్లలో ఉన్నదే.

ఆటోమేటిక్ టైం ఆన్‌లో ఉంటే ఫోన్ ఆ సెకన్లను సెల్ టవర్ నుంచో, ఇంటర్నెట్ నుంచో అడిగి సరిచేసుకుంటుంది. మన దేశపు అధికారిక సమయాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీజియం అణు గడియారాలతో చూస్తుంది. సీజియం పరమాణువు నుంచి వచ్చే తరంగం 9,192,631,770 సార్లు ఊగితే ఒక సెకను అని 1967లో ప్రపంచమంతా ఒప్పుకుంది.

ఇంత కచ్చితమైన టైం కూడా మన కడప సూర్యుడికి సరిపోదు. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది, అది మన కాకినాడ పక్క నుంచి పోతుంది. కడప దానికి పడమటగా 78.8 దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, సగటున మనకు సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో 12:15 అవుతుంది. అనంతపురంలో దాదాపు 12:20. రంజాన్ నెలలో సహరీ, ఇఫ్తార్ వేళలు ఊరూరికీ మారడానికి ఇదీ ఒక కారణం.

ఆ వేళలకు అజాన్ వినిపించే యాప్‌లు ఆలస్యంగా మోగుతున్నాయని కొందరంటుంటారు. గడియారం సరిగ్గానే ఉంటుంది. ఫోన్ నిద్రపోవడం వల్ల వచ్చే చిక్కు అది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, కదలకుండా పడి ఉన్న ఫోన్ బ్యాటరీ మిగల్చడానికి యాప్‌లను నిద్రపుచ్చుతుంది. ఫోన్‌తో వచ్చిన క్లాక్ యాప్ అలారానికి మినహాయింపు ఉంటుంది. విడిగా వేసుకున్న యాప్‌లకు బ్యాటరీ సెట్టింగ్స్‌లో మనమే అనుమతి ఇవ్వాలి. ఇంకొకటి, ఆండ్రాయిడ్‌లో అలారం సౌండ్ రింగ్‌టోన్‌తో సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. రింగ్ ఫుల్లుగా ఉన్నా అలారం సౌండ్ తగ్గించి ఉంటే వినపడదు. ఐఫోన్‌లో మామూలుగా అలారం రింగ్‌టోన్ సౌండ్‌తోనే నడుస్తుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో అలారం పెట్టగానే కింద ఒక చిన్న వాక్యం మెరిసి మాయమవుతుంది, ఇంకెన్ని గంటల్లో మోగుతుందో చెబుతూ. దాన్ని ఎవరూ చదవరు. ప్రయాణం తప్పిన రాత్రి అత్త తొమ్మిదికి అలారం పెట్టింది. ఫోన్ దృష్టిలో అప్పుడు ఆరున్నరే, కాబట్టి తొమ్మిదిన్నర గంటల తర్వాత మోగుతానని చెప్పే ఉంటుంది.

మళ్లీ తిరుపతికి బయలుదేరే ముందు రోజు రాత్రి, అదే తొమ్మిదికి ఆమె చేతనే నాలుగింటికి పెట్టించాను. 7 గంటలు అని కనిపించింది. అత్త పది, పదకొండు, పన్నెండు అంటూ వేళ్లు మడిచి, ఏడో వేలు దగ్గర ఆగి, "సరిపోయింది నాయనా" అంది.