బుడమేరు నీళ్లు, చిన్న ఉపగ్రహాల చూపు

2024 సెప్టెంబరు తొలివారంలో విజయవాడకు అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఒక్కటే: ఏ వీధిలో ఎంత లోతు నీరుంది? బుడమేరు వాగు నీటిని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ కట్టలు తెగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. కృష్ణ నిండుగా పారుతున్నప్పుడు బుడమేరు మళ్లింపు నీరు నదిలోకి దిగదు, వెనక్కి తన్నుతుంది. బోట్లు ఏ సందులోకి పంపాలో, పాలు, మంచినీళ్లు ముందు ఎవరికి చేర్చాలో తెలియక పడిన టెన్షన్ ఆ రోజుల్లో ఊళ్లో ఉన్నవారికి బాగా గుర్తుంటుంది.

ఆ వరదకు దాదాపు రెండు వారాల ముందు, ఆగస్టు 16న, శ్రీహరికోట నుంచి ఎస్ఎస్ఎల్‌వీ అనే చిన్న రాకెట్ ఈఓఎస్-08 అనే చిన్న ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. బరువు 175.5 కిలోలు. నావిగేషన్ ఉపగ్రహాల సంకేతాలు నేల మీద పడి తిరిగి పైకి వచ్చే తీరును బట్టి నేల తేమను, వరద ముంపును అంచనా వేసే పరికరం అందులో ఉంది. అయితే అది ఏడాది ఆయుష్షుతో పంపిన ప్రయోగాత్మక ఉపగ్రహం. ఆ ప్రయోగానికీ సింగ్‌నగర్ సందులో నిలబడిన మనిషికి పనికొచ్చే పటానికీ మధ్య చాలా దూరం ఉంది. అంత దూరం ఎందుకుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి దాదాపు పదివేల మందిని బలి తీసుకున్నప్పుడు, భూమిని గమనించే మన ఉపగ్రహం ఒక్కటీ లేదు. అమెరికా 1972లోనే తొలి ల్యాండ్‌శాట్‌ను పంపింది. అది మళ్లీ అదే చోటికి రావడానికి 18 రోజులు పట్టేది. మన భాస్కర-1 1979 జూన్ 7న సోవియట్ రాకెట్ మీద వెళ్లింది. దాని టీవీ కెమెరాలకు కిలోమీటరు కంటే చిన్నదేదీ ఆనేది కాదు. 1988 మార్చి 17న వెళ్లిన ఐఆర్ఎస్-1ఏ తోనే అసలు పని మొదలైంది. దాని ఒక కెమెరా తీసే చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) అంటే నేల మీద 72.5 మీటర్ల చదరం. మన కొలతలో ఎకరం ముప్పై సెంట్లు. రెండో రకం కెమెరాలో చుక్కంటే 32 సెంట్లు. డెల్టాలో వరి మొత్తం విస్తీర్ణం లెక్కకట్టడానికి అది చాలు. ఒక కౌలు రైతు ఎకరం పొలం గురించి చెప్పడానికి చాలదు. పైగా తిరిగి రావడానికి 22 రోజులు.

ఇదే కాలంలో ఇంగ్లండ్‌లోని సర్రే విశ్వవిద్యాలయం వేరే దారి పట్టింది. మార్కెట్లో దొరికే ఎలక్ట్రానిక్ భాగాలతో 50 కిలోలకు కాస్త పైబడిన ఉపగ్రహాన్ని తయారు చేసి 1981లో పంపింది. ఆ దారిలోనే 2002లో అల్జీరియా ఉపగ్రహం ఆల్‌శాట్-1 వెళ్లింది. తర్వాత నైజీరియా, టర్కీ, బ్రిటన్‌ల ఉపగ్రహాలు దానితో కలిశాయి. విపత్తు వస్తే ఎవరి ఉపగ్రహం ఆ చోటు మీదుగా వెళ్తుంటే వాళ్లు చిత్రం తీసి పంచుకోవాలన్నది వాళ్ల ఒప్పందం. నా దృష్టిలో చిన్న ఉపగ్రహాల చరిత్రలో ఇది చాలా విలువైన ఆలోచన. దానికి రావాల్సినంత పేరు రాలేదు.

పేరు వచ్చింది క్యూబ్‌శాట్‌కి. 1999లో జోర్డి పుయిగ్ సువారి, బాబ్ ట్విగ్స్ అనే ఇద్దరు ఆచార్యులు విద్యార్థుల కోసం పది సెంటీమీటర్ల ఘనాన్ని ప్రమాణంగా పెట్టారు. అలాంటి మూడు ఘనాలు కలిపి చెప్పుల డబ్బా అంత ఉండే ఉపగ్రహాలతో భూమినంతా రోజూ ఫొటో తీయాలని ప్లానెట్ అనే అమెరికా కంపెనీ బయల్దేరింది. 2017 ఫిబ్రవరి 15న పీఎస్ఎల్‌వీ-సీ37 ఒకేసారి 104 ఉపగ్రహాలు మోసుకెళ్లిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. వాటిలో 88 ఆ కంపెనీవే. చిన్న ఉపగ్రహాలు ప్రపంచాన్ని రోజూ చూసే స్థాయికి చేరడానికి మన శ్రీహరికోట కూడా కారణం.

ఆ డబ్బా సైజు ఉపగ్రహం తీసే చిత్రంలో చుక్క మూడు, నాలుగు మీటర్లు, అంటే సెంటులో మూడో వంతు. ఎకరానికి దాదాపు మూడు వందల చుక్కలు వస్తాయి. 1988తో పోలిస్తే ఇది చాలా పెద్ద మార్పు. కానీ అక్కడితో గోడ తగులుతుంది. 500 కిలోమీటర్ల ఎత్తు నుంచి తొమ్మిది సెంటీమీటర్ల కటకంతో చూస్తే మూడున్నర, నాలుగు మీటర్ల కంటే చిన్నవాటిని విడదీసి చూపలేమని కాంతి స్వభావమే చెబుతుంది. ఎంత మంచి చిప్ పెట్టినా ఆ హద్దు జరగదు. 31 సెంటీమీటర్ల చుక్క, అంటే దాదాపు ఒక చదరపు అడుగు కావాలంటే వరల్డ్‌వ్యూ-3 లాగా మీటరు దాటిన అద్దం ఉండాలి. ఆ ఉపగ్రహం బరువు 2,800 కిలోలు. చిన్న ఉపగ్రహాలు సూక్ష్మతను కొంత వదులుకుని, తరచుగా రావడాన్ని ఎంచుకున్నాయి. పంటకు ఆ బేరం చాలావరకు లాభమే.

వరదకు మాత్రం మొదటి అడ్డం మబ్బు. రోజూ ఫొటో తీసినా, వాన కురిసే రోజున తీసింది తెల్లటి మబ్బే అయితే ఏం లాభం? మబ్బును, చీకటిని దాటి చూడాలంటే రాడార్ కావాలి. 2018 జనవరి 12న ఫిన్లాండ్ కంపెనీ ఐసై పంపిన తొలి రాడార్ ఉపగ్రహం బరువు దాదాపు 70 కిలోలు. అది కూడా పీఎస్ఎల్‌వీ మీదే వెళ్లింది. వంద కిలోల లోపు రాడార్ సాధ్యమని అది నిరూపించింది. అయితే రాడార్ తన వెలుగును తానే పంపుకోవాలి. చిన్న సోలార్ పలకలు, చిన్న బ్యాటరీతో భూమి చుట్టూ ఒక్కో తిరుగుడులో కొద్ది నిమిషాలే పనిచేయగలదు. కాబట్టి ఎక్కడ చూడాలో ముందే చెప్పాలి. అడగకముందే దేశమంతా చిత్రించి పెట్టుకోవాలంటే పెద్ద యాంటెనా, పెద్ద శక్తి కావాలి. 2025 జూలై 30న వెళ్లిన భారత్, అమెరికా ఉమ్మడి రాడార్ ఉపగ్రహం నిసార్ యాంటెనా వెడల్పు 12 మీటర్లు. దాని పొడవాటి తరంగాలు ఆకుల గుబురును కూడా కొంత దాటి వెళ్తాయి.

పెద్దవాటికి ఉన్న బలహీనత వేరు. ఒక్కటి పోతే పెద్ద ఖాళీ. యూరప్ రాడార్ ఉపగ్రహాలు సెంటినెల్-1 జంటలో ఒకటి 2021 డిసెంబరులో పాడైంది. బుడమేరు వరద నాటికి మిగిలింది ఒక్కటే. అది అదే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు. ఆ లోటు తీర్చే ఉపగ్రహం 2024 డిసెంబరులో గాని వెళ్లలేదు. 2025 మే 18న మన రాడార్ ఉపగ్రహం ఈఓఎస్-09 రాకెట్ వైఫల్యంతో పోయింది. చిన్నవి గుంపుగా ఉంటే ఇలాంటి దెబ్బను తట్టుకోవచ్చు.

రాడార్ చిత్రం చేతికొచ్చాక కూడా మన ప్రాంతంలో చిక్కులున్నాయి. నిశ్చలంగా ఉన్న నీరు అందులో నల్లగా కనిపిస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో డెల్టాలో నాట్లు వేసిన వరి మడీ నల్లగానే ఉంటుంది, కొల్లేరు చుట్టూ చేపల చెరువూ అంతే. ఏది వరద, ఏది మామూలు నీరు అన్నది తేల్చాలంటే వరదకు కొద్దిరోజుల ముందు తీసిన చిత్రం పక్కన ఉండాలి. ఊళ్లో ఇంకా కష్టం. ఇరుకు సందుల్లో రాడార్ సంకేతం నీటి మీద, గోడ మీద తగిలి బలంగా తిరిగొస్తుంది. మునిగిన వీధి నల్లగా కనిపించాల్సింది పోయి మెరుస్తుంది. ఇక లోతు ఎంతో ఏ చిత్రమూ నేరుగా చెప్పదు. వీధుల ఎత్తుపల్లాల పటం ముందే ఉంటే లెక్కకట్టవచ్చు.

గుంటూరు మిర్చి సంగతి వేరు. 2021-22లో నల్ల తామర పురుగు తోటలను తినేసిన తీరు రైతులు మరిచిపోలేదు. మిర్చి పూతకొచ్చే శీతాకాలానికి ఆకాశం తేటపడుతుంది కాబట్టి ఇక్కడ చిన్న ఉపగ్రహాల మీద నాకు ఎక్కువ ఆశ ఉంది. బెంగళూరు కంపెనీ పిక్సెల్ 2025 జనవరిలో పంపిన ఫైర్‌ఫ్లై ఉపగ్రహాలు ఐదు మీటర్ల చుక్కతో, కాంతిని 150కి పైగా పట్టీలుగా విడదీసి చూస్తాయి. ఆకులో వచ్చిన తేడాను కంటికి కనిపించక ముందే పసిగట్టే అవకాశం ఉంది. ఆ తేడా పురుగు వల్లనా, వైరస్ వల్లనా, నీటి ఎద్దడి వల్లనా అన్నది మాత్రం చేలో దిగి చూసిన మనిషే చెప్పాలి. ఇంకో మాట. చిన్న ఉపగ్రహాలు చాలావరకు కొద్ది ఏళ్లే పనిచేస్తాయి. పాతదాని కొలతకు, కొత్తదాని కొలతకు పొంతన కుదరాలంటే ల్యాండ్‌శాట్, సెంటినెల్ వంటి పెద్దవాటితో సరిచూసుకోక తప్పదు.

2025 ఆగస్టులో ప్రైవేటు అంతరిక్ష రంగాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్ 12 ఉపగ్రహాల దేశీయ గుంపు నిర్మాణాన్ని పిక్సెల్, పియర్‌సైట్, శాట్‌ష్యూర్, హైదరాబాద్‌కు చెందిన ధ్రువ స్పేస్ కూటమికి అప్పగించింది. ఐదేళ్లలో 1,200 కోట్లకు పైగా పెట్టుబడి అవి పెట్టాలి. అందులో రాడార్ కూడా ఉండటం మనకు ముఖ్యం. ల్యాండ్‌శాట్, సెంటినెల్ చిత్రాలు ఎవరికైనా ఉచితం. ప్రైవేటు గుంపు చిత్రాలు కొనుక్కోవాల్సినవి. కాబట్టి విపత్తు వేళ ఏ చిత్రం, ఎన్ని గంటల్లో, ఏ ధరకు ఇస్తారన్నది రాష్ట్ర ప్రభుత్వం, నగరపాలక సంస్థ ఇప్పుడే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. వెలగలేరు రెగ్యులేటర్ నుంచి కొల్లేరు దాకా బుడమేరు వెంట ఎత్తుపల్లాల సర్వే కూడా ఎండాకాలంలోనే పూర్తికావాలి.